ఉగ్గాని చేతి సంతకం

“చెయ్యి బాగా తుడ్చుకో. తడి తగిల్తే పుస్తకం పాడయితాది.”

మా ఆయన ఆ మాట అన్నప్పుడు నా రెండు చేతులూ బొరుగుల్లో ఉన్నాయి. పొద్దుటి టిఫిను ఉగ్గానికి బొరుగులు నీళ్ళలో వేసిన వెంటనే పిండేయాలి, ఒక్క నిమిషం ఆగినా ముద్దయి కూర్చుంటాయి. పొయ్యి మీద ఉల్లిగడ్డల తాలింపులో అప్పుడే పసుపు వేశాను. ఏడుంబావు బస్సు పోతే మళ్ళీ తొమ్మిదికి గానీ లేదు. ఆయన పంచాయతీ తీర్మానాల పుస్తకం తెచ్చి పప్పులపొడి డబ్బా పక్కన పరిచి, పేజీలు తిప్పుతూ “ఈడ. ఈడ. ఇంగ ఈడ” అని వేలు పెట్టి చూపిస్తున్నాడు. నేను కొంగుకు చెయ్యి తుడుచుకుని సంతకాలు పెడుతూ పోయాను. పన్నెండు. పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి, అడుగున మాత్రం నా పేరు. “ఏం రాస్తారు వీటిమీద?” అని అడిగాను, ఒక చేత్తో తాలింపు కలుపుతూనే. “ఏముంటాది, బోరింగు రిపేర్లు, వీధి లైట్లు. నీకేంటికి ఆ తలనొప్పి” అన్నాడు. నిజంగానే నాకు ఆ పొద్దు తలనొప్పిగా ఉంది. నా మీద ప్రేమతోనే అన్నాడనుకున్నాను. నాలుగున్నరేళ్ళుగా అట్లాగే అనుకుంటూ వచ్చాను.

అవును, ఎర్రమిట్ట గ్రామ సర్పంచును నేను. మా ఊరు ఓర్వకల్లు దాటినాక రోడ్డు దిగి మూడు కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. పదవి మహిళలకు రిజర్వు అయిన ఏడాది నా ఫోటో అడిగారు, ఇచ్చాను. సంతకం అడిగారు, పెట్టాను. గెలిచిన రోజు జీపు మీద దండలు ఆయన మెడలో పడ్డాయి, నేను వెనక సీట్లో మా అత్త చేతిసంచి పట్టుకుని కూర్చున్నాను. పంచాయతీ ఆఫీసు గోడమీద ‘సర్పంచ్: నాగజ్యోతి, భర్త శివశంకర్’ అని రాసి కింద ఫోన్ నంబరు ఆయనది వేశారు. ఊళ్ళో అందరూ ఆయన్ను సర్పంచప్పా అంటారు. నన్ను సర్పంచప్ప పెండ్లాం అంటారు. మొదట్లో ఈ మాటకు నవ్వొచ్చేది. తర్వాత నవ్వు రావడం ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో గుర్తులేదు.

డిగ్రీ చదివిన దాన్ని, పదవి పేరుకే నాది, ఇంట్లో కూర్చుని ఏం చేయాలి? కర్నూలులో ఉద్యోగం దొరికిందంటే ఆయన అడ్డు చెప్పలేదు. పైగా సంతోషించాడు. “పోయిరా, నాలుగు మంచి ముఖాలు కనిపిస్తాయి” అన్నాడు. మా చెల్లెలు కూడా బావ ఎంత మంచోడు అనింది. పగటిపూట నేను ఊళ్ళో లేకపోతే సర్పంచును వెతుక్కుంటూ మా గడపకు వచ్చేవాళ్ళు ఆయన దగ్గరికే పోతారన్న సంగతి నాకు తట్టడానికి రెండేళ్ళు పట్టింది.

ఉద్యోగం ఏమిటంటే, ప్రభుత్వం రోజూ వదిలే కాగితాలను మా ఆఫీసులోని ఏఐ చదువుతుంది. జీవోలు, గెజిట్లు, అసెంబ్లీలో పెట్టిన బిల్లులు, జిల్లా వెబ్‌సైట్లలో నోటీసులు, పంచాయతీ తీర్మానాలు, ఏదీ వదలదు. చదివి నాలుగు వాక్యాల్లో సారాంశం రాసి, ఎవరికి పనికొస్తుందో వాళ్ళకు పంపుతుంది. దీనికి డబ్బు కట్టేవాళ్ళు కంపెనీలవాళ్ళు. చట్టం ఇంకా కడుపులో ఉండగానే మగబిడ్డో ఆడబిడ్డో తెలుసుకోవాలనే రకం. కానీ పాత స్కానింగులు, చేతిరాత తెలుగు, తహసీల్దారు ఆఫీసుల భాష దానికి అన్నిసార్లూ అర్థం కావు. అందుకని మాలాంటి పద్దెనిమిది మంది ఆడవాళ్ళం అసలు కాగితం ఎడమ పక్కన, దాని సారాంశం కుడి పక్కన పెట్టుకుని పోల్చి చూస్తాం. కింద రెండు గుర్తులు ఉంటాయి: సరైనది, తప్పు. ఒక్కో కాగితానికి ఆరు నిమిషాలు. చెయ్యి నాలుగు నిమిషాలు కదలకపోతే తెర మూల పసుపు చుక్క వెలుగుతుంది, అది నెలాఖరుకు జీతంలో కోతగా కనిపిస్తుంది. బాత్రూముకు పోయినా చుక్కే. మా అత్త కృష్ణవేణమ్మ ఒకసారి, “అదేం పనే, డబ్బా చదివిందాన్ని నువ్వు మళ్ళా చదివేది? మీ మామ తిన్యాక ఆయన ఎంగిలి కంచంలో నేను తిన్నట్లుండాదే” అనింది. ఎగతాళికే అనింది గానీ, ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

ఆ గురువారం పదకొండున్నరకు నా తెరమీదికి ఒక జిల్లా నోటీసు వచ్చింది. ఎడమ పక్క ఊరి పేరు చూసి పొరపాటున నవ్వాను కూడా, మా ఊరే, పేపర్లో పడిందే అన్నట్లు. కుడి పక్క సారాంశం ఇట్లా ఉంది: ‘ఎర్రమిట్ట గ్రామ పరిధిలోని దొనగుట్ట, 186 ఎకరాల ప్రభుత్వ పోరంబోకు, సోలార్ ప్రాజెక్టుకు అప్పగింత. గ్రామసభ ఏకగ్రీవంగా ఆమోదించింది. హాజరు 143. అభ్యంతరాలు లేవు. కొత్త అభ్యంతరాలకు గడువు సోమవారం సాయంత్రం ఐదు. క్లయింటుకు నష్టభయం: తక్కువ.’

దొన అంటే రాళ్ళ నడుమ వాననీళ్ళు నిలిచే గుంట. ఊళ్ళో బోర్లన్నీ ఎండినా మా గుట్టమీది దొనలో ఏప్రిల్ దాకా మోకాలెత్తు నీళ్ళుంటాయి. మూడు వందల మేకలు అక్కడే తాగుతాయి. చీపురు గడ్డి అక్కడిదే, సీతాఫలాలు అక్కడివే. సెంటు భూమి లేని ఆడవాళ్ళు నలభై మందికి పైగా ఆ గుట్టమీద బతుకుతున్నారు. పట్టా ఎవరికీ లేదు కాబట్టి కాగితంలో అది ఖాళీ స్థలం.

గ్రామసభ ఎప్పుడు జరిగింది? జతచేసిన తీర్మానం తెరిచాను. జూలై తొమ్మిది, బుధవారం, ఉదయం పదకొండు గంటలకు, సర్పంచ్ అధ్యక్షతన. చేతిరాత సెక్రటరీ బొజ్జన్నది. అడుగున సంతకం నాది. సంతకం పక్కన, కాగితం అంచున, బొటనవేలి వెడల్పున పసుపు మరక. ఏఐ దాన్ని కూడా వదల్లేదు, ‘పేజీ కింది భాగంలో మరక ఉంది, సంతకం చదవగలిగేలా ఉంది’ అని రాసింది.

ఉగ్గాని పసుపు. తాలింపులో వేసిన పసుపు. ఎంత తుడుచుకున్నా వేళ్ళ సందుల్లో ఉండిపోయే పసుపు.

ఆ పొద్దు పొయ్యి దగ్గర నేను బస్సు పోతుందేమోనని ఆలోచిస్తూ పెట్టిన సంతకం ఇక్కడ ఒక గుట్టను ఎత్తి ఇంకొకరి చేతిలో పెట్టింది. హాజరు పట్టీ చూస్తే సీతాఫలాలమ్మే గుల్షన్ బీ వేలిముద్ర ఉంది, మేకలు కాసే గిడ్డమ్మ వేలిముద్ర ఉంది. జూన్ నెలలో కంటి ఆపరేషన్ల క్యాంపు పెట్టి అందరి చేతా వేయించిన వేలిముద్రలు. ఆ క్యాంపులో వాళ్ళకు మజ్జిగ ఇచ్చింది నేను. పసుపు చుక్క వెలిగింది. మా టీమ్ లీడర్ సాహితి, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది, కుర్చీ తిప్పి “అక్కా, ఏమైంది, ఆగిపోయారు?” అంది. ఏం చెప్పాలి? నా ముందున్న ప్రశ్న ఒక్కటే: సారాంశం కాగితానికి సరిపోయిందా? అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది. కాగితమే ఊరికి సరిపోలేదు. దానికి గుర్తు లేదు. ‘సరైనది’ నొక్కితే ఆ ‘నష్టభయం తక్కువ’ అన్నది క్లయింటుకు చేరుతుంది. క్లయింటు పేరు చూశాను. గుట్ట తీసుకుంటున్న కంపెనీయే. ‘తప్పు’ నొక్కితే నేను అబద్ధం చెప్పినట్లు. ‘తర్వాత చూస్తాను’ అని పక్కన పెట్టాను. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన వరండాలో కాళ్ళు చాపుకుని ఫోన్ చూస్తున్నాడు. చెప్పులు కూడా విప్పకుండా అడిగాను. “జూలై తొమ్మిదిన గ్రామసభ జరిగిందంట గదా.”

ఆయన తల ఎత్తలేదు. “ఎవురు చెప్పినారు?”

“జిల్లా వెబ్‌సైట్లో ఉండాది.”

“అయితే జరిగినట్లే.”

“నేను యాడుంటి ఆ పొద్దు?”

“నువ్వు యాడుంటే ఏం?” ఇప్పుడు తలెత్తాడు. కోపం లేదు, నిజంగా అర్థం కాక అడిగాడు. ఆ అమాయకత్వమే నన్ను ఎక్కువ కోసింది. వీళ్ళు తారీకు వేసుకునేటప్పుడు సర్పంచు ఆ బుధవారం ఊళ్ళో ఉంటుందా, లేదా అని ఒక్క క్షణం చూసుకోలేదు. సభకు నేను కావాలన్న ఆలోచన ఉంటే గదా చూసుకోవడానికి! సంతకం ఉంది, చాలు. బియ్యం ఉన్నాయి, అన్నం ఎవరు వండితే ఏం అన్నట్లు.

“ఆ గుట్ట పోతే గుల్షన్ బీ ఏం తింటాది, గిడ్డమ్మ మేకలు యాడికి పోతాయి?”

“కంపెనీ ఒచ్చాంది. వాచ్‌మెన్ ఉద్యోగాలు వస్తాయి. రోడ్డు వస్తాది. రాళ్ళు చూస్కుంటా కూచుంటారా ఎల్లకాలం?” అని, నేను ఇంకా నిలబడే ఉన్నానని చూసి గొంతు తగ్గించాడు. “చూడు జ్యోతీ. నువ్వు యాడికన్నా పోయి ఇది దొంగ తీర్మానం అన్యావనుకో. మొదుట అడిగేది ఏంది? సంతకం ఎవురిది అని. నాది యాడా లేదు. బొజ్జన్న, మేడమ్ చెప్తే రాసినానంటాడు. లోపలికి పోయేది నువ్వే. నీ మంచికే చెప్తాండా.”

నీ మంచికే. నాలుగున్నరేళ్ళలో ఆయన నాకు చేసిన మంచి అంతా ఒక్కసారిగా లెక్క తేలింది. ఆయన ఏ కాగితం మీదా లేడు. ఊరంతా సర్పంచప్పా అని పిలిచే మనిషి ఒక్క పేజీలోనూ లేడు. దండలు ఆయనవి, సంతకాలు నావి. ఇది ఆయన ఆ వేళ తడుముకుని చెప్పిన మాట కాదు, మొదటి రోజు నుంచీ తెలిసే జరిపిన పని. నేను లోపలికి పోయి బియ్యం కడిగాను. మూడుసార్లు కడిగాక నీళ్ళు తేటగా వచ్చాయి, నేను ఇంకా కడుగుతూనే ఉన్నాను.

మరునాడు పొద్దున బస్సు కోసం రోడ్డెక్కితే గుల్షన్ బీ అప్పటికే సీతాఫలాల గంపలు పరుచుకుని కూర్చుంది. ఆమె భర్త మీరా హుస్సేన్ పోయి తొమ్మిదేళ్ళు. ఇద్దరు ఆడపిల్లల్ని ఆ పండ్లతోనే పెంచింది. నేను నోటీసు మాట చెప్పాను. ఆఫీసులో చూసినది బయట చెప్పకూడదని మాకు రాతకోతలు ఉన్నాయి, కానీ ఇది ఎవరైనా చూడగలిగిన జిల్లా నోటీసు. పొద్దున మీసేవ కేంద్రం వాణ్ణి లేపి, సొంత డబ్బులు పెట్టి తీయించుకున్న కాగితం ఆమె ముందు పెట్టాను.

ఆమె కాగితం వైపు చూడలేదు. నా వైపు చూసింది. “పోయిన నెల ఎవురో తాడు పట్టుకొని గుట్ట కొలుస్తాంటే మీ ఆయన్ను అడిగినా బేటీ. సర్పంచప్పా, ఏంది కత అని. టూరిస్టోళ్ళులే గుల్షనమ్మా అన్యాడు.”

“నన్ను అడగాల్సింది.”

“నిన్నా?” గుల్షన్ బీ ఒక పండు తుడుస్తూ ఆగింది. “అల్లా సాక్షి, నువ్వు సర్పంచని నాకు గుర్తుకే రాలేదమ్మా.”

ఆమె తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. బస్సు వచ్చింది. కండక్టరు “మేడమ్, ఎక్కండి” అన్నాడు. నేను ఎక్కలేదు.

ఆ రోజు సెలవు పెట్టాను, శనివారం కూడా పెట్టాను. శనివారం పొద్దున మా ఆయన నంద్యాలలో ఎవరిదో పెళ్ళని పోయాడు, ఆదివారం భోజనాలయ్యాకే వస్తానన్నాడు. పెళ్ళి ఎవరిదో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. బండి శబ్దం మలుపు తిరిగాక స్టూలు వేసుకుని బీరువా పైనుంచి తీర్మానాల పుస్తకం దించాను. పంచాయతీ ఆఫీసులో ఉండాల్సిన పుస్తకం మా ఇంట్లో దుప్పట్ల పక్కన ఉంటుంది. ఖాళీ పేజీలు ఇంకా ఏడున్నాయి, ఏడింటి కిందా నా పేరు. ఒక్కోదాని మీద మూల నుంచి మూలకు గీత కొట్టాను. పెన్ను గట్టిగా పట్టుకోవడం వల్ల నాలుగో పేజీ చిరిగింది.

తల తిప్పితే మా అత్త గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో.

“వాడొస్తే ఏమంటాడో తెలుసునా?”

“తెలుసు అత్తా.”

“మొగోళ్ళ యవ్వారాల్లో తలదూర్చొద్దు అని నాకు మా అమ్మ చెప్పింది. నేను దూర్చల్యా.” ఆమె గుమ్మంలోనే కూర్చుంది, మోకాళ్ళు పట్టుకుని. “మా నాయన పసుపు కుంకుమ కింద రెండెకరాలు రాసిచ్చినాడు. మీ మామ ఒకపారి వేలు ముద్ర ఎయ్యమన్యాడు. దోసెపిండి రుబ్బుతా ఉంటి. ఎడమ చెయ్యి చాపితి. ఆ రెండెకరాలు యాడికి పాయనో నాకు ఈ పొద్దుటికీ తెలీదు. అడిగితే ఏమనుకుంటాడో అని అడగల్యా.” లేచి చీర దులుపుకుంది. “ఆ పుస్తకం నువ్వు తీసినావని నేను చూసినట్లు చెప్పాకు. నాకు వాడూ కావాల.”

ఆమె నుంచి అంతకుమించి నేను ఆశించలేదు. అంత కూడా ఆశించలేదు.

బొజ్జన్నకు ఫోన్ చేసి ఆదివారం పొద్దున ఎనిమిదికి గుట్ట దగ్గర గ్రామసభ అని చెప్పాను. “మేడమ్, సార్‌కు తెలుసునా?”

“సర్పంచుకు తెలుసు.”

“అట్ల కాదు మేడమ్, సభ అంటే ముందుగాల దండోరా ఎయ్యాల, ఇన్ని రోజులని రూలు ఉండాది...”

“జూలై తొమ్మిదో తేదీ సభకు ఎన్ని రోజుల ముందు ఏసినావు బొజ్జన్నా?”

ఫోన్ పెట్టేశాడు. వెంటనే నంద్యాలకు చేసి ఉంటాడని నాకు తెలుసు. పెళ్ళికి వచ్చిన పెద్దమనుషుల నడుమ మా ఆయన ఆ ఫోన్ ఎత్తలేదేమో, ఎత్తినా పెండ్లాం ఏం చేస్తుందిలే అనుకున్నాడేమో, ఆ రోజైతే రాలేదు.

ఆదివారం తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక మసీదు మైకులో గుల్షన్ బీ మరిది సభ మాట చెప్పాడు. నేను పోయేసరికి దొన చుట్టూ ఎనభై, తొంభై మంది ఉన్నారు, ఎక్కువ మంది ఆడవాళ్ళే. మేకలు కూడా వచ్చాయి, వాటికి అది నీళ్ళు తాగే వేళ. నా చేతిలో పుస్తకం తడిసిపోతోంది, ఈసారి చెమటతో. ఇరవై మంది ముందు నిలబడి మాట్లాడింది కాలేజీలో ఒకసారి, అదీ వందన సమర్పణ. నోరు తెరిచాను. గుట్టను ఇచ్చేసినట్లు కాగితం పుట్టిందని, అభ్యంతరం రాసివ్వడానికి రేపు సాయంత్రం దాకా సమయం ఉందని చెప్పాను. ఆ కాగితం మీద సంతకం నాదేనని, ఖాళీ పేజీల మీద చూడకుండా పెట్టానని కూడా చెప్పాను.

గిడ్డమ్మ లేచింది. ఆమెవి నలభై మేకలు, గుట్టలో ఏ రాయి వెనక ఏ పొద ఉందో ఆమెకే తెలుసు. “ఓట్లప్పుడు చీరకు ఓటు అమ్ముకున్యామని మమ్మల్ని దెప్పినావు గదమ్మా నువ్వు. పంచాయతీ ఆఫీసు మెట్ల మీద నిలబడుకొని దెప్పినావు. మాకు చీరన్నా వచ్చె. నీకేమొచ్చె?”

ఎవరో నవ్వారు. “ఏమీ రాలేదు గిడ్డమ్మా” అన్నాను. “చెయ్యి తుడ్చుకోమన్నారు, తుడ్చుకున్యా.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. గిడ్డమ్మ నన్ను కిందనుంచి పైదాకా చూసి, “సరే, రాయి” అని కూర్చుంది. తీర్మానం ఎట్లా రాయాలో నాకు బాగా తెలుసు, నాలుగేళ్ళుగా వేరే ఊళ్ళవి చదవడమే నా పని. తారీకు వేసి, స్థలం అన్నచోట ‘దొనగుట్ట, దొన పక్కన’ అని రాసి, ‘సర్పంచ్ అధ్యక్షతన’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, రాశాను. రెండో పేరాలో ఉండగా కిందినుంచి బండి శబ్దం వినిపించింది.

మా ఆయన ఇస్త్రీ మడత నలగని పెళ్ళిబట్టల్లో రాళ్ళెక్కి వచ్చాడు. అందరికీ నవ్వుతూ చెయ్యి ఊపాడు, నా దగ్గరికి వచ్చాక నవ్వు తీసేయకుండానే పళ్ళ సందులోంచి “ఇంటికి పద” అన్నాడు.

“సభ అయినాక వస్తా.”

“జ్యోతీ. నలుగురిలో నా మర్యాద తీయాకు. పుస్తకం ఇట్లియ్యి.” చెయ్యి చాపాడు. పన్నెండేళ్ళుగా ఆ చెయ్యి చాపినప్పుడల్లా ఏదో ఒకటి అందించాను. టవలు, నీళ్ళ గ్లాసు, తాళాలు, నా జీతం కార్డు. నా చెయ్యి తనంతట తానే కదలబోవడం నాకు తెలిసింది. దాన్ని పుస్తకం మీద అదిమి పెట్టాను.

“పుస్తకం పంచాయతీది” అన్నాను, అందరికీ వినపడేలా. “కూచుంటే కూచో. నీకూ ఓటుండాది ఈ ఊర్లో. అభ్యంతరం ఉంటే చెప్పు, రాసుకుంటా.”

ఆయన చుట్టూ చూశాడు. ఎవరో ఒకరు ‘ఏమప్పా సర్పంచప్పా’ అంటారని ఎదురుచూశాడనుకుంటాను. గుల్షన్ బీ తన కొంగు సర్దుకుని పక్కకు జరిగి, రాతిమీద ఆయనకు కూర్చోవడానికి చోటు చేసింది. ఆయన కూర్చోలేదు. “నీకు నీళ్ళు ఇడుస్తాండా” అన్నాడు మెల్లగా, నాకు మాత్రమే వినపడేలా. బండి శబ్దం ఊరివైపు కాకుండా రోడ్డువైపు పోయింది. గుల్షన్ బీ చేసిన చోట్లో నేను కూర్చుని, రెండో పేరా ఆగినచోటి నుంచి రాశాను.

తొంభై ఒక్క మంది సంతకాలు, వేలిముద్రలు. ప్రతి వేలు పట్టుకునే ముందు పైన ఏం రాసి ఉందో చదివి వినిపించాను. ఎండ నడినెత్తికి వచ్చింది. ఒక్కరు కూడా చాలు చదివింది అనలేదు.

సోమవారం పదింటికి కర్నూలు కలెక్టరాఫీసులో ఫిర్యాదులు తీసుకునే వరుసలో నిలబడ్డాను, పక్కన గుల్షన్ బీ, గిడ్డమ్మ. కాగితాల అడుగున ఇంకొకటి పెట్టాను: మా ఆఫీసు జూలై నెలకు నాకు పంపిన పని పట్టీ. జూలై తొమ్మిది, బుధవారం, పదకొండు నుంచి ఒంటిగంట దాకా నేను చూసిన కాగితాలు పంతొమ్మిది, చెయ్యి కదలని నిమిషాలు తొమ్మిది, అందుకు కోత. ఆ తొమ్మిది నిమిషాల కోసం ఆ నెల ఎంత ఏడ్చుకున్నానో! ఎర్రమిట్టలో సభకు అధ్యక్షత వహించిన సమయానికి నేను ఇరవై అయిదు కిలోమీటర్ల దూరంలో బాత్రూముకు పోయినందుకు జీతం పోగొట్టుకుంటున్నానని మా ఆఫీసే నిమిషాలతో సహా రాసిపెట్టింది. అధికారి ఆ పట్టీని రెండుసార్లు చదివాడు. “అంటే ఖాళీ పేజీల మీద సంతకం పెట్టినానని మీరే ఒప్పుకుంటున్నారా అమ్మా? విచారణ మీ మీద కూడా వస్తుంది.”

“రానీయండి” అన్నాను. ముద్ర వేసి రసీదు ఇచ్చాడు. గిడ్డమ్మ ఆ రసీదును నా చేతిలోంచి తీసుకుని రవికలో పెట్టుకుంది. నా దగ్గర ఉంచడానికి ఆమెకు ఇంకా నమ్మకం కుదరలేదు. కుదరాల్సిన పనీ లేదు.

పదకొండూ ఇరవైకి ఆఫీసులో నా కుర్చీలో కూర్చున్నాను. సాహితి ముఖం ఎర్రగా ఉంది. “అక్కా, ఆరు నిమిషాల పని, నాలుగు రోజులు! క్లయింటు పొద్దున్నుంచి మూడుసార్లు అడిగాడు. సారాంశం కరెక్టే కదా? నొక్కేయండి, ప్లీజ్.”

తెరమీద అదే కాగితం. ఎడమ పక్క నా సంతకం, పక్కన ఉగ్గాని పసుపు. కుడి పక్క ‘ఏకగ్రీవంగా ఆమోదించింది, నష్టభయం తక్కువ.’ నోటీసు అందరికీ చూపించినందుకు నన్ను తీసేయలేరు, కానీ ఇప్పుడు చేయబోయే పనికి తీసేయవచ్చు. ఇంట్లో ఈ సాయంత్రం నా గిన్నెలు వరండాలో ఉండొచ్చు. రెండూ తెలుసు. కింద, మేము ఎప్పుడూ వాడని చిన్న గడి ఒకటి ఉంటుంది, గమనిక అని. అందులో రాశాను: ‘సారాంశం కాగితానికి సరిపోయింది. కానీ ఆ గ్రామసభ జరగలేదు. నిన్న జరిగిన సభలో తొంభై ఒక్క మంది వ్యతిరేకించారు. అభ్యంతరం కలెక్టరాఫీసులో ఈ ఉదయం నమోదైంది. నష్టభయం: ఎక్కువ.’

ఏఐ వెంటనే అడిగింది. ఏ గమనిక రాసినా అడుగుతుంది, దాని అలవాటు అది. ‘ఈ సమాచారానికి ఆధారం? ఉత్తర్వు, కోర్టు తీర్పు, వార్త, ఇతరం.’

పసుపు చుక్క వెలిగింది. వెలగనిచ్చాను. ‘ఇతరం’ ఎంచుకుని, ఎదురుగా ఉన్న ఖాళీలో తప్పు లేకుండా, తొందర లేకుండా కొట్టాను:

‘ఎర్రమిట్ట సర్పంచును నేనే.’